పదహారు నట్లు

జులై 6, ఆదివారం

నాది ముప్పావు మూర. బావది మూర మీద నాలుగు వేళ్లు.

ఇన్నాళ్లూ ఈ పుస్తకంలో రోజుకు ఒక్క లైనే రాశాను. ఎంత నేశానో అంతే. బావ వచ్చినప్పటి నుంచి ఆయనది కూడా రాస్తున్నాను. ఎందుకని అడిగేవాళ్లు లేరు, ఈ పుస్తకం సంగతి ఎవరికీ తెలియదు. ఇవాళ మాత్రం నాలుగు ముక్కలు ఎక్కువ రాయకపోతే అన్నం అరిగేట్టు లేదు.

షెడ్డులో నాయన మగ్గం గుంత ఖాళీ అయి మూడేళ్లయింది. నలభై ఏళ్లు కాళ్లు దింపి కూర్చున్న గుంత. మోకాళ్లు పోయాక దిగలేక మగ్గం విప్పించి, పైన చెక్కలు కప్పించాడు. ఆ చోట ఇంకో మగ్గం వేసుకుంటానని ఎన్నిసార్లు అడిగాను! దసరాకు అడిగాను, ఉగాదికి అడిగాను. "ఉండనియ్యిరా, దానికేం తొందర" అన్నాడు రెండుసార్లూ. ఇవాళ మధ్యాహ్నం బావ అన్నం తింటూ తింటూ, "మామా, ఆ గుంత మీదికి కారు తోల్తె కిందికెల్లి ఇంజను చూడొచ్చు. ఆయిలు ఏడ కారుతుందో తెలుస్తది" అన్నాడు. నాయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "అరె, నాకు తోయలే సూడు! ఉమేషు బుర్రే బుర్ర" అన్నాడు. చేయి కడుక్కోకముందే నన్ను పిలిచి చెక్కలు తీయించాడు.

నేను అడిగితే తొందరేముంది. అల్లుడు అడిగితే ఎంగిలి చేయి.

బావ అంటే మా కమలక్క మొగుడు. పోయిన దసరాకు అమరచింత నుంచి మగ్గం సామాను ఆటోలో వేసుకుని గద్వాల వచ్చాడు. అక్కడ పని లేదు, "నాలుగు నెల్లుంట మామా" అన్నాడు. ఆ నాలుగు నెలలు ఎప్పుడో దాటిపోయాయి. చనిపోయిన అమ్మ మగ్గం గుంత ఆయనకిచ్చారు, సరే అన్నాను. ముందు గది ఇచ్చారు, సరే అన్నాను. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. మా ఇంట్లో అంగట్లో ఏమీ లేదు, అల్లుడి నోట్లో మాత్రం నెయ్యే.

జులై 8

బావది మూర. నాది రాయను.

జులై 10

కారును గుంత మీదికి ఎక్కించారు. షెడ్డు తలుపు దగ్గర బెత్తెడు సందు మిగిలింది, అయినా గీత పడలేదు. బావే తోలాడు. రాయచూరులో రెండేళ్లు ఏదో మెకానిక్ షాపులో పనిచేశాడట, ఆ రెండేళ్ల కథ మేము తొమ్మిది నెలలుగా వింటున్నాం.

ఈ తెల్ల కారంటే నాయనకు ప్రాణం. సెకండ్ హ్యాండుదే అయినా మా వాడలో మొదటి కారు ఇదే. ప్రతి ఏడూ జూరాల డ్యాం గేట్లు ఎత్తినప్పుడు అందరినీ ఎక్కించుకుని నీళ్లు చూడబోయేవాడు. అక్కడ వేయించిన చేపలు తిని, చీకటి పడకముందే వచ్చేవాళ్లం. ఆయిల్ కారడం మొదలయ్యాక రెండేళ్లు పోలేదు. ఈ ఏడు ఎట్లయినా పోవాలని పట్టు.

సాయంత్రం అందరం చాయ్ తాగుతుంటే నాయనకు పాత సంగతి గుర్తొచ్చింది. ఓసారి కొత్తకోట రోడ్డులో టైరు పంక్చరయితే నేనే మార్చాను. నట్లు ఊడిపోతాయేమోనని పానా మీద ఎక్కి నిలబడి బిగించాను. తర్వాత పంక్చరు షాపు యాదయ్య వాటిని విప్పలేక రెండు పానాలు విరగ్గొట్టుకున్నాడు.

"మావోడు బిగిస్తె దేవుడు దిగొచ్చినా ఇప్పలేడు" అన్నాడు నాయన. "మగ్గం మీద గూడ గంతే. పోగు మీద వీని దెబ్బ ఎంత గట్టిదంటె, చీర నేస్తె అట్ట అయితది. ఉమేషు చీర పట్టి సూడున్రి, చేతిల నుంచి జారిపోతది."

అందరూ నవ్వారు. మా ఆవిడ సుమన కూడా నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేయను!

ఇంకోటి. అక్క అన్నం వడ్డిస్తుంటే బావ "సాకు, సాకు" అంటాడు, చాలు అని చెప్పడానికి. రాయచూరు కన్నడం. ఇవాళ నాయన కూడా "సాకు" అన్నాడు. డెబ్బై నాలుగేళ్లు "సాలు" అన్న నోరది.

జులై 15

నాది ముప్పావు. బావది మూర.

బావ మగ్గం మీదున్నది శ్రీనాథ్ సేటు ఇచ్చిన పెళ్లి చీర. ఇది నచ్చితే ఏడాదికి సరిపడా పని ఇస్తానని సేటు మాటిచ్చాడు. అదే జరిగితే అమరచింతలో తన ఇంట్లోనే మగ్గం వేసుకుంటాడు బావ. అందుకే పోగు పోగునా ప్రాణం పెట్టి నేస్తున్నాడు. పక్కన అక్క కూర్చుని అంచు పోగును అటూ ఇటూ దూర్చే నాడె అందిస్తుంది. ఇద్దరి మధ్య ఒక్క మాటా ఉండదు, పని మాత్రం నడుస్తూ ఉంటుంది. నేనూ సుమనా మగ్గం మీద కూర్చుంటే పది నిమిషాలకోసారి పోట్లాట.

నాయన రోజూ కర్ర పట్టుకుని వచ్చి బావ చీర మీద వేలు ఆనించి చూస్తాడు. నా మగ్గం దారిలోనే ఉంది.

జులై 19

ఊరికే అనుకున్నాను. బావ పోతే బాగుండు. ఎవరికీ చెడు జరగాలని కాదు, పోతే బాగుండు అంతే.

జులై 24, అమావాస్య

మగ్గాలకు సెలవు. అందుకని పొద్దున్నే బావ గుంతలో దిగాడు.

ఇంజను కింద ఆయిల్ ఉండే డబ్బా ఉంది, చాంబర్ అంటారు. దాని చుట్టూ పదహారు నట్లు. అవన్నీ విప్పి, చాంబర్ దించి, లోపలి ప్యాకింగ్ మార్చాలట. పాతికేళ్ల కారు, నట్లు తుప్పెక్కి జంగు పట్టి కూర్చున్నాయి. బావ డీజిల్ పోసి నానబెట్టాడు, సుత్తెతో తట్టాడు, పానా పట్టాడు. నాయన గుంత ఒడ్డున కుర్చీ వేసుకుని లెక్కపెట్టాడు.

"అయిదు... శభాష్. ఆరు... శభాష్ అల్లుడా."

నేను ఇరవై రెండేళ్లుగా చీరలు నేస్తున్నాను. ఒక్క చీరకు ఈ ముసలాయన నోటి నుంచి శభాష్ రాలేదు. ఒక జంగు నట్టుకు వచ్చింది. కళ్లల్లో నిప్పులు పోసుకోవడమంటే ఏమిటో ఇవాళ తెలిసింది, నిజంగానే మండాయి. డీజిల్ వాసన అని చెప్పి బయటికి పోయాను.

మధ్యాహ్నానికి పదకొండు వచ్చాయి. మిగిలినవి ఐదు. బావ పైకెక్కి, "ఆఖరిది గూడ కదిలింది మామా, నూలుపోగంత. ఇంక నాననిద్దాం" అన్నాడు. అన్నాలు తిని మామా అల్లుడూ ఆటోలో బజారుకు పోయారు, ప్యాకింగ్ కోసం. అక్క, సుమన గుడికి పోయారు.

గుంతలో దిగాను. ఆ గుంతలో దిగి ఎన్నేళ్లయిందో! నేల చల్లగా ఉంది. నాయన పాదాలు ఆనిన చోట రెండు చిన్న పల్లాలు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిలో నల్లగా ఆయిల్ చుక్కలు. చిన్నప్పుడు ఆ గుంతలో ఆయన కాళ్ల మధ్య కూర్చునేవాణ్ని.

మిగిలిన ఐదు నట్లూ ఎంత గట్టిగా ఉన్నాయో పానా పెట్టి చూశాను.

చూశానంతే.

సాయంత్రం సుమన, "అంగీ మీద నల్లగ ఏంది?" అంది. మగ్గానికి నూనె వేశానన్నాను. "అమాసనాడు మగ్గం ముట్టినవా?" అంది. అమావాస్యనాడు మా ఇంట్లో మగ్గం మీద చేయి కూడా వేయరు, పసిపిల్లలకు కూడా తెలుసు. అబద్ధం ఆడదామన్నా మా కులవృత్తి ఆడనివ్వదు. నీళ్ల బిందెకు తగిలానని ఏదో అన్నాను. నీళ్ల బిందెకు నల్లటి మరక ఎట్లా అవుతుందో ఆమె అడగలేదు.

జులై 25

ప్యాకింగ్ గద్వాలలో దొరకలేదు. మహబూబ్‌నగర్ నుంచి ఆదివారం వస్తుందట.

నాది మూర. ఇవాళ బావకన్నా ఎక్కువ నేశాను.

జులై 26

పొద్దున గుంత దగ్గరికి పోయాను. దిగుదామనుకున్నాను. నాయన లేచి వచ్చాడు, "ఏం చూస్తున్నవ్‌రా" అన్నాడు. ఏం లేదన్నాను. దిగలేదు. రేపు చూసుకోవచ్చు.

జులై 27, ఆదివారం

బావ కుడిచేతి బొటనవేలు విరిగింది.

నాలుగు గంటలకు ప్యాకింగ్ వచ్చింది. బావ చీర ఆపి గుంతలో దిగాడు. నేను నా మగ్గం మీదే ఉన్నాను, కావాలనే లేవలేదు. కాసేపటికి "ఏందిది" అన్నాడు లోపలి నుంచి. మళ్లీ "ఏందిరో ఇది" అన్నాడు. తర్వాత రెండు చేతులతో పట్టి గుంజినట్టున్నాడు. పానా జారింది. చేయి పోయి కారు కింది ఇనుప అంచుకు కొట్టుకుంది. ఆ చప్పుడు నా మగ్గం దాకా వినిపించింది.

పైకి లాగాం. ముఖం తెల్లబడిపోయింది. నొప్పిలో కూడా నాయనతో ఒకటే మాట, "అమాసనాడు కదిలె మామా అది. నూలుపోగంత కదిలె. ఇయ్యాల రాయి లెక్కుంది. నేనే తప్పు చూసిన్నో ఏమో."

 నాయన నా వైపు చూడలేదు.

జంగు పట్టిన నట్టు పానాకు జారడం మామూలే. రోజూ ఎంతమందికి జరుగుతుంది! మెకానిక్కుల చేతులు చూడండి, అన్నీ గాట్లే.

జులై 28

దవాఖానలో కట్టు కట్టారు. ఆరు వారాలు చేయి కదపొద్దన్నారు. వేలు మళ్లీ ముందటి లెక్క వంగుతుందా అని అక్క అడిగితే, డాక్టరు "చూద్దాం" అన్నాడు.

చూశానంతే అని రాశాను కదా. అంతే. జంగు.

జులై 29, నాగుల పంచమి

సేటు వచ్చాడు. ఇంకా ఐదు మూరలు మిగిలి ఉంది. ఆగస్టు పద్నాలుగుకు చీర చేతిలో ఉండాలన్నాడు నాయనతో, పెళ్లివాళ్లకు మాటిచ్చాడట.

"ఇంకోడు నేస్తడంటె నాకొద్దు రామస్వామీ. చెయ్యి మారిన చీర ఎట్లుంటదో నీకు నేను చెప్పాల్నా? సగం మెత్తగ, సగం గట్టిగ. పెండ్లిపిల్ల కట్టుకుంటె సగం కుచ్చిళ్లు నిలబడవు."

మా దగ్గర ఒక చెయ్యి పట్టిన చీర ఆ చెయ్యే దించాలి. ఎవరి దెబ్బ వాళ్లది. ఎంత దగ్గరగా కొట్టినా తెలిసినవాడి వేలు కింద అది దాగదు.

బావ కట్టుకట్టిన చేయి ఛాతీకి ఆనించుకుని లేచాడు. "చెయ్యి మారినట్టు తెల్వది సేటూ. నా బామ్మర్ది నేస్తడు. రామస్వామి కొడుకు వాడు. వాని చేతిల పని ఉంది" అన్నాడు.

ఎప్పుడైనా ఎవరైనా నా గురించి ఆ మాట అనాలని ఎంత కోరుకున్నాను! చివరికి ఈ మనిషి నోటి నుంచి రావాలా?

ఒప్పుకున్నాను. గొప్పగా ఒప్పుకోలేదు, తలూపానంతే.

జులై 31

బావ మగ్గం మీద కూర్చున్నాను. పక్కన అక్క. జానెడు నేసి చూసుకుంటే, నా జానెడు ఎక్కడ మొదలైందో గుడ్డివాడు కూడా చెబుతాడు. పోగు పోగూ విప్పి మళ్లీ మొదలుపెట్టాను. బావ ఎడమచేత్తో చాయ్ గ్లాసు పట్టుకుని కూర్చుని చూశాడు. "పరేషాన్ గాకు జగదీశ్. నీకెట్లొస్తె గట్ల కొట్టు, చెయ్యే కుదురుకుంటది" అన్నాడు.

తిట్టినా బాగుండేది. ఈ మంచితనం ఒకటి నా ప్రాణానికి. నాయన మెచ్చేది దీన్నే కాబోలు.

ఇంకోటి ఇప్పుడే తోచింది. ఈ చీర దిగితే, సేటు పనిస్తే బావ అమరచింత పోయేవాడు. పోవాలని కోరుకున్నవాణ్ని వేలు విరగ్గొట్టి ఇంట్లో కూర్చోబెట్టుకున్నాను.

విరగ్గొట్టి అని రాశాను. కొట్టేయను, ఉండనీ.

ఆగస్టు 1

అర మూర. అందులో సగం విప్పాను.

ఆగస్టు 3, ఆదివారం

జూరాల గేట్లు ఎత్తారట. పొద్దున నాయన నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "కారు గట్లనే ఉంటె ఎట్ల? నువ్వు దిగు" అన్నాడు.

దిగాను. బావ ముందు గదిలో పడుకున్నాడు. అక్క, సుమన పెరట్లో ఉన్నారు. నాయన కుర్చీ గుంత ఒడ్డుకు జరుపుకున్నాడు. కింది నుంచి నాకు ఆయన పాదాలు, కర్ర మొన మాత్రమే కనిపిస్తున్నాయి.

మొదటి నట్టుకు పానా పెట్టి బలంకొద్దీ గుంజాను. కదల్లేదు. ఇంకోసారి గుంజాను. భుజం పట్టేసింది.

"గుంజకు. డీజిలు పొయ్యి."

పోశాను.

"ఆగు. ఇప్పుడు సుత్తెతోని తట్టు. పలగ్గొట్టేటట్టు గాదు, తట్టు."

తట్టాను. మళ్లీ పానా పెట్టి తిప్పాను. రాయి.

"వస్తలేదు నాయినా."

"ఇప్పేటందుకే తిప్పుతున్నవు, గందుకే వస్తలేదు. ముందుగాల్ల జర బిగించు. జరంతనే. బిగిస్తె లోపటి జంగు పల్గుతది. అప్పుడు ఇప్పు."

"ఇంకా బిగించాల్నా?" అన్నాను.

 కర్ర మొన నేల మీద ఒకసారి కదిలింది.

"బిగించుడు నీకు చెప్పాల్నారా?" అన్నాడు.

పానా చేతిలో అట్లాగే ఉండిపోయింది. కోపంగా అనలేదు. కోపంగా అనుంటే ఏదో ఒకటి ఎదురు చెప్పేవాణ్ని. పోగు తెగితే ముడి వేయమన్నట్టు అన్నాడు.

నాయన పాదాలు ఆనిన ఆ రెండు పల్లాల్లో నా మోకాళ్లు ఉన్నాయి.  తర్వాత ఆయన చెప్పినట్టే చేశాను. జరంత బిగించాను. లోపల ఏదో సన్నగా టక్‌మంది. అప్పుడు వెనక్కి తిప్పితే వచ్చింది. రెండోది వచ్చింది. మూడు, నాలుగు వచ్చాయి. ఈసారి ఆయన లెక్కపెట్టలేదు.

ఐదోది బావ వేలు విరిచిన నట్టు. నా పానాకు, బావ పానాకు దాని మూలలన్నీ అరిగి గుండ్రంగా అయింది. నాయన ఆకురాయి అందించాడు. రెండు పక్కలా చదునుగా రాకి, పానాకు పట్టు చిక్కేలా చేసి, గంటకు తీశాను.

పైకెక్కి ఆయన కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాను.

"ఎప్పుడు తెలిసింది?"

"చెయ్యి కొట్టుకున్న దినమే. జంగు పట్టిన నట్టు ఏందో, మనిషి బిగించిన నట్టు ఏందో నాకు తెల్వదా? నీ దెబ్బ ఇరవై రెండేండ్ల సంది వింటున్న."

"బావకు చెప్పినవా?"

"చెప్పలే."

"ఎందుకు చెప్పలే?"

"ఎందుకేందిరా. నా కొడుకువు గాదూ?"

పది నెలలుగా ఆ మాట కోసమే కడుపులో కుంపటి పెట్టుకుని తిరిగాను. వచ్చింది. ఇట్లా వచ్చింది. సంతోషపడదామని చూశాను, నా వల్ల కాలేదు. నా సిగ్గును తన ఒళ్లో పెట్టుకుని వారం రోజులుగా అల్లుడి ముఖం చూస్తూ అన్నం తిన్నాడు ఆ ముసలాయన.

లేచేటప్పుడు నా భుజం పట్టుకున్నాడు, మోకాళ్లు సహకరించక. "నేను చెప్ప. చెప్పేటోడు చెప్తె మంచిది" అన్నాడు.

జులై 24న రాసింది అబద్ధం. చూడలేదు. బిగించాను. ఐదూ బిగించాను, కాలు గోడకు తన్నిపెట్టి, పళ్లు బిగబట్టి. బావ ఇప్పలేక నాయన ముందు చిన్నబోవాలని. అంతకు మించి అనుకోలేదు. వేలి సంగతి అనుకోలేదు. ఇది మాత్రం నిజం.

ఆగస్టు 4

చెప్పలేదు. చీర దిగాక చెబుతాను. ఇప్పుడు చెబితే ఆయన మనసు పాడవుతుంది.

ఆగస్టు 5

ముప్పావు మూర. విప్పలేదు. చెప్పలేదు.

ఆగస్టు 7

ముప్పావు మూర. దెబ్బ కొట్టబోయే ముందు చేతిని ఆపుకుంటున్నాను. బావ కొట్టినట్టు కొట్టాలంటే కొట్టాలనిపించిన దానిలో సగం కొట్టాలి. ఎంత మెత్తటి చేయి ఆ మనిషిది! పది నెలలు పక్కనే ఉండి మూరలు లెక్కపెట్టాను గాని ఆ చేయి ఎట్లా కదులుతుందో ఒక్కసారి చూడలేదు.

అయినా కుళ్లు పోలేదు. పోయిందని రాస్తే అది ఇంకో అబద్ధం. ఆయన మెత్తదనం చూసినకొద్దీ ఇంకా ఎక్కువగా ఉంది. ఇది నాకెందుకు రాలేదు అనే కుళ్లు.

చెప్పలేదు.

ఆగస్టు 9, రాఖీ

అక్క స్నానం చేసి, కొత్త చీర కట్టుకుని, పళ్లెంలో రాఖీ, కుంకుమ, లడ్డూ పెట్టుకుని వచ్చింది. మణికట్టుకు కట్టింది. కట్టి, నా చేయి వదలకుండా రెండు కళ్లకూ అద్దుకుంది.

"మా ఇంటి దీపం ఆరకుంట చూసిన చెయ్యిరా ఇది. నువ్వు ఆ చీర మీద కూసోకుంటె మా గతేం గావాలె తమ్మీ!" అంది.

బావ పక్కనే ఉన్నాడు, నవ్వుతున్నాడు. లడ్డూ నా నోట్లో పెట్టబోయింది. నేను ముఖం తిప్పుకున్నాను.

"ఆ నట్లు నేనే బిగించిన అక్కా" అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. బావ వైపు తిరిగి మళ్లీ చెప్పాను. "అమాసనాడు నువ్వు, నాయిన బజారుకు పోయినంక గుంతల దిగిన. ఐదు నట్లూ బిగించిన. నువ్వు తప్పు చూడలే బావా, అది కదిలిందే. నేను బిగించిన."

"ఎందుకు?" అన్నాడు బావ. నిజంగానే ఆయనకు తెలియదు. అది చూసి నాకు ఇంకా సిగ్గేసింది.

"నాయిన నిన్ను శభాష్ అన్నడు" అన్నాను. నలభై మూడేళ్ల మనిషిని. ఆ మాట నోట్లోంచి వచ్చాక దాని కంటే చిన్న మాట ప్రపంచంలో లేదనిపించింది.

బావ తన కట్టు వంక చూసుకున్నాడు. లేచి ముందు గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు. అక్క పళ్లెం అక్కడే నేల మీద పెట్టి ఆయన వెనక పోయింది. లడ్డూ పళ్లెంలో ఉంది. సుమన వచ్చి తీసింది. రాత్రి కంచం నా ముందు కొంచెం గట్టిగా పెట్టింది.

ఆగస్టు 10

ముందు గదిలో వేరే పొయ్యి వెలిగింది.

అక్క మగ్గం దగ్గరికి రాలేదు. అంచు నాడె అందించేవాళ్లు లేక సుమన కూర్చుంది. జానెడు.

ఆగస్టు 11

బావ మామూలు గొంతుతో నాయనతో మాట్లాడుతుంటే విన్నాను. "నీకు ముందే ఎరుకనా మామా?" అన్నాడు. నాయన "ఎరుకనే" అన్నాడు. తర్వాత ఇద్దరూ మాట్లాడలేదు. నాయన మధ్యాహ్నం అన్నం తినలేదు. నా వల్ల ఆయన అల్లుడి దగ్గర కూడా మాట పోగొట్టుకున్నాడు.

రాఖీ తీసేద్దామనుకున్నాను. కట్టింది నేను కాదు, తీయడానికి నేనెవణ్ని?

జానెడు. ఇంకా మూరన్నర ఉంది. మూడు రోజులే.

ఆగస్టు 12

పొద్దున మగ్గం మీద కూర్చునేసరికి అక్క వచ్చి సుమనను లేపి తన చోట కూర్చుంది. నా వైపు చూడలేదు. అంచు నాడె మాత్రం అందించింది.

కాసేపటికి బావ వచ్చాడు. పీట వేసుకుని నా వెనక కూర్చున్నాడు. వెనక ఉన్నాడని తెలిస్తే చేయి బిగుసుకుంటుంది. అనుకున్నట్టే అయింది, నా దెబ్బ నాకే వినిపించింది.

"మెల్లగ కొట్టు" అన్నాడు. "అది నా చీర."

పది నెలల్లో ఆ మనిషి నాతో అన్న మొదటి కటువైన మాట. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. మెల్లగా కొట్టాను. మధ్యాహ్నం దాకా మళ్లీ మళ్లీ అదే మాట, "మెల్లగ", "ఇంక మెల్లగ", "ఆఁ". ఆ "ఆఁ" కోసం చెవి రిక్కించుకుని కూర్చున్నాను.

సాయంత్రం నాయన వచ్చాడు. కళ్లు మూసుకుని చీర మీద వేలు ఆనించి మెల్లగా జరిపాడు. బావ నేసిన మెత్తటి నేత దాటింది వేలు, నా మొదటి జానెడు మీదికి వచ్చింది, అక్కడ ఆగింది. నాకు తెలుసు, అక్కడ ఎవరి వేలైనా ఆగుతుంది. మళ్లీ కదిలింది. తర్వాత ఇవాళ్టి మూర దాకా ఆగలేదు.

"ఆ జానెడు కుచ్చిళ్ల లోపటికి పోతది మామా. సేటుకు నేనే చెప్త, ఉన్నదున్నట్టు చెప్త. తీసుకుంటె తీసుకుంటడు" అన్నాడు బావ. నాయన తలూపాడు. ఇద్దరూ మాట్లాడుకున్నారు, నాకు అది చాలు.

తర్వాత కారు సంగతి వచ్చింది. ప్యాకింగ్ పెట్టి చాంబర్ ఎక్కించాలి, పదహారు నట్లూ మళ్లీ బిగించాలి. నాయన అలవాటుగా పానా నా వైపు చాపాడు. బావ ఎడమచేత్తో మధ్యలోనే అందుకున్నాడు.

"బామ్మర్దికి ఇయ్యకు మామా. మల్ల నేనే ఇప్పాలె" అన్నాడు.

అక్కకు నవ్వొచ్చింది. ఆపుకోవాలని చూసి ఆపుకోలేకపోయింది. నేను గుంతలో బ్యాటరీ లైటు పట్టుకుని కూర్చున్నాను. బావ ఎడమచేతి రెండు వేళ్లతో ఒక్కొక్క నట్టునూ బిగించాడు, ఎంతవరకు చాలో అంతవరకే. నాయన పైన లెక్కపెట్టాడు. పదహారుకు "శభాష్" అన్నాడు. బావనే అన్నాడు. కుళ్లుకున్నాను. మనిషిని కదా, రాసుకోవాలి.

ఇవాళ్టిది రాయాలి. మూర నేశాను. ఎవరి గళ్లో రాయాలో కాసేపు చూసుకున్నాను.

నాది ఏమీ లేదు. బావది మూర.